దెబ్బకు ముందు

అగాదెజ్ బజారులో నా కొట్టుకి తలుపు లేదు.
ఒక బల్ల, ఒక ల్యాప్‌టాప్,
కీబోర్డు సందుల్లో సహారా.
పాటకి యాభై ఫ్రాంకులు.
గోరంత కార్డులో
మూడొందల పాటలు కూరి ఇస్తాను.
ఎన్ని పడతాయని అడుగుతారు అందరూ.
ఎలా పడతాయని అడిగినవాడు లేడు.

ఎలా అంటే, నలిపి.
పెద్ద చప్పుడు పక్కనున్న చిన్న చప్పుడు
చెవికి ఎలాగూ ఆనదని ఒక లెక్క.
ఆ లెక్క చేటలో పోసి చెరుగుతుంది యంత్రం.
నూట ఇరవై ఎనిమిదిలో పొట్టు పోతుంది,
అరవై నాలుగులో నూక కూడా.
లారీలెక్కి లిబియా పోయే కుర్రాళ్ళకి
అరవై నాలుగే ఇస్తాను.
ఆ ఇంజను హోరులో ఎవడు వెతకొచ్చాడు?

తినల్బరక మాత్రం స్టూలు లాక్కుని కూర్చుంది.
పగిలి సాలెగూడైన ఫోను.
అందులో ఒక్కటే పాట,
ఎవరి పెళ్ళిలోనో చెల్లెలు గైషా
తెందే వాయిస్తూ పాడింది.
తెందే అంటే రోలే.
పొద్దున సజ్జలు దంచిన రోటికి
సాయంత్రం మేకతోలు బిగిస్తే డోలు.

ఆ పాట అర్లిత్ పోయింది, తమన్‌రసెత్ పోయింది,
తిరిగి తిరిగి ఇల్లు చేరింది.
ఊరూరా నాలాంటివాడొకడు
మళ్ళీ మళ్ళీ నలిపాడు.
ఆడవాళ్ళ సంబరపు కేకలు
రేకు డబ్బాలో గిలకరించిన నీళ్ళయ్యాయి.

"కడిగి ఇవ్వు" అంది.
"మురికైతే కడుగుదును. తీసేసింది ఎక్కణ్ణుంచి తేను?"
"ఎవరు తీశారు?"
"ఎక్కడో చలిదేశంలో
మనుషుల చెవులు కొలిచి రాసుకున్నారంట,
ఏది వినబడదో."
"నా చెవి కొలవలేదుగా!"

తర్వాత ఒక ఇయర్‌ఫోను నా చెవిలో పెట్టింది.
"విను. ప్రతి దెబ్బకీ ముందు
ఇంత ఉసురుమంటుంది చూడు.
చెయ్యెత్తి గైషా పీల్చే ఊపిరి.
అది పోయి ఏడేళ్ళు.
దీనికోసమే పెట్టుకుంటాను రోజూ."

నాకు తెలుసు అదేమిటో.
యంత్రం చప్పుణ్ణి ముక్కలు కోసి తూస్తుంది.
ముక్క కొసన దెబ్బ పడితే
తూకంలో వచ్చిన తప్పు ముక్కంతా పరుచుకుంటుంది,
దెబ్బకి వెనకే కాదు, ముందుకీ.
పడని దెబ్బకి ముందే మసి పడుతుంది.

రోట్లో తల పెట్టాక
రోకటిపోటుకి వెరవకూడదంటారు.
వెరిచాను.
ఛార్జరు వైరు సరిచేస్తున్నట్టు తల దించుకున్నాను.

వానలు వెళ్ళాక గబ్దువాన్ వచ్చాడు,
ఉల్లిపాయల లారీతో.
ఆ పెళ్ళిలో రికార్డరు పట్టుకున్నది తనేనట.
నలపని ఫైలు. డెబ్బై మెగాబైట్లు.
బజారు కట్టేశాక విన్నాను.
కేకలకి మళ్ళీ కొనలు మొలిచాయి.
వెండి కడియం రోటి అంచుకి తగులుతోంది.
ఎవరో పిల్లాణ్ణి కసురుతున్నారు.
మూడో చరణం నడుమ
ఒక ముసలి గొంతు మెల్లగా నీళ్ళడిగింది.
దెబ్బకు ముందు మాత్రం
ఏమీ లేదు.
ఏమీ లేదు, ఆపైన దెబ్బ.

కబురంపితే మర్నాడే వచ్చింది.
కేకల దగ్గర నవ్వింది.
నీళ్ళడిగిన చోట "మా అత్త" అంది.
చివరిదాకా విని, వైరు వేలికి చుడుతూ
చాలాసేపు ఏమీ అనలేదు.

"ఇందులో అది ఊపిరి తీసుకోవట్లేదు" అంది.

చెప్పొచ్చు. అప్పుడైనా చెప్పొచ్చు.
"రికార్డరు దూరంగా ఉందేమో" అన్నాను.

పెద్దది తన ఫోను మొయ్యలేదంది, నా దగ్గరే ఉంచమంది.
పాతదాన్నే రెండు కార్డుల్లోకి ఎక్కించాను,
ఈసారి నలపకుండా, ఉన్నది ఉన్నట్టు.
రెండోదాన్ని చూయింగ్‌గమ్ రేకులో చుట్టి
తలగుడ్డ కొసన ముడేసుకుంది.
వద్దన్నా వంద ఫ్రాంకులు బల్లమీద పెట్టింది.

రాత్రి కరెంటు పోయింది.
బ్యాటరీ పదకొండు శాతం.
మూడో చరణం.
ఆ ముసలావిడకి ఎవరైనా
నీళ్ళిచ్చిన చప్పుడు ఉందేమోనని
వింటూ కూర్చున్నాను.